మాట మీద ఇంట్లో కూర్చున్న కౌన్సిలర్

బ్రాక్‌డెన్ కౌన్సిల్లో పదవి పోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకాయన తప్పతాగి మేయర్ కారును కాలవలోకి తోలాడు. ఒకావిడ ఫుట్‌పాత్‌ల కాంట్రాక్టు సొంత మేనల్లుడికి ఇప్పించుకుంది. మిగిలినవాళ్ళను జనమే ఓడించారు, కారణం చెప్పకుండా. కానీ ఇచ్చిన మాట నిలబెట్టుకుని పదవి పోగొట్టుకున్నవాడు ఆ ఊరి చరిత్రలో విల్ఫ్రెడ్ షోరక్ ఒక్కడే. దాన్ని ఊరు గొప్పగా ఏమీ చెప్పుకోదు. ఎవడైనా మరీ నిజాయితీకి పోతుంటే మాత్రం "ఏం, షోరక్ దారి పడదామనా?" అంటారు.

విల్ఫ్రెడ్‌ది ఇనుప సామాన్ల కొట్టు. తాత పెట్టింది. నూలు మిల్లులు నడిచిన రోజుల్లో ఆ కొట్టు ముందు నిలబడటానికి చోటుండేది కాదట. మిల్లులు మూతపడ్డాక నిలబడటానికి చోటుకు కొదవ లేకుండా పోయింది. గుమ్మానికి బాల్చీలు వేలాడుతుంటాయి, లోపల కిరసనాయిలు వాసన. ఒక్క మరమేకు కావాలన్నా కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. ఎవరు ఏది అడిగినా ఇచ్చేవాడు. తను మాత్రం ఎవర్నీ ఏదీ అడగలేడు. అదే ఆయన జబ్బు.

జబ్బు అని ఊరికే అనడం లేదు. మార్కెట్టులో 'పై' అనే, లోపల కూరి కాల్చిన రొట్టెలు అమ్మే దుకాణంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన మాంసం పై అడిగితే, కొత్తగా చేరిన పిల్ల పొరపాటున జున్నూ ఉల్లిపాయా పెట్టిన పై ఇచ్చింది. మార్చమని అడిగితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని తినేశాడు. మరుసటి వారం దుకాణంలోకి అడుగు పెట్టగానే ఆ పిల్ల నవ్వుతూ అదే పై పొట్లం కట్టేసింది. ఆ పిల్లకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, దుకాణమే తనదయింది. ఆయన ఇప్పటికీ ప్రతి శుక్రవారం జున్ను పై తింటున్నాడు. ఆయనకు జున్నంటే పడదు.

రాజకీయాల్లోకి కూడా ఇలాగే వచ్చాడు. ఎన్నికల బోర్డులు కొట్టుకోవడానికి మేకులు కొనవచ్చిన నీలం పార్టీ వాళ్ళు, "ఈ వార్డులో మాకు మనిషి లేడు, మీ పేరు వేసుకోమంటారా? ఎలాగూ గెలవరు లెండి" అన్నారు. కాదనలేకపోయాడు. ఎర్ర పార్టీ అభ్యర్థి పోలింగుకు ముందు వారం భార్యను వదిలేసి ఆమె చెల్లెలితో వెళ్ళిపోవడం వల్ల విల్ఫ్రెడ్ గెలిచాడు. గెలిచాక దిగిపోతాననీ అనలేకపోయాడు. అలా ఇరవై రెండేళ్ళు.

ఇరవై రెండేళ్ళలో కౌన్సిల్ ఎన్ని చేతులు మారిందో ఆయనే లెక్క మర్చిపోయాడు. ఎర్రవాళ్ళు వస్తే చెత్తబుట్టల మూతలు గోధుమరంగువి వేయించేవాళ్ళు. నీలం వాళ్ళు వస్తే అది దుబారా అని, వాటిని మార్చి నల్లవి వేయించేవాళ్ళు. డబ్బంతా లండన్ చేతిలో ఉంటుంది. లండన్ ఏటేటా కోత పెడుతుంది. ఏది మూసెయ్యాలి అన్నదొక్కటే బ్రాక్‌డెన్ వాళ్ళ చేతిలో ఉన్న అధికారం. ఆ అధికారం కోసమే ప్రతి మే నెలా కొట్టుకుచచ్చేవాళ్ళు. అధికారం మారిందని జనానికి తెలిసేది బుట్ట మూత చూసే.

డెనిస్ క్యాటరాల్ ఎర్రవాళ్ళ కౌన్సిలర్. ముప్ఫై ఏళ్ళు సిటీబస్సు తోలి దిగాడు. భార్య పోయి చాలాకాలమైంది. పచ్చిక మీద బంతులాట ఆడే చోట వీళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. విల్ఫ్రెడ్‌ను డెనిస్ "మేకులూ" అని పిలిచేవాడు. డెనిస్‌ను విల్ఫ్రెడ్ "కండక్టరూ" అనేవాడు, అతను డ్రైవరని తెలిసే. ప్రతిసారీ డెనిస్‌కు ఒళ్ళు మండేది.

"డ్రైవర్ని! స్టీరింగు ఈ చేతుల్లో ఉండేది!"

"అందుకేనా అది ఎప్పుడూ ఆలస్యం?"

ఒకసారి విల్ఫ్రెడ్ భార్య డొరీన్‌కు పెద్ద ఆపరేషన్ పడింది. సరిగ్గా ఆ సాయంత్రమే కౌన్సిల్లో ఈతకొలను మూయాలా వద్దా అన్న ఓటింగు. ఒక్క ఓటు అటో ఇటో అన్న పరిస్థితి. వెళ్ళకపోతే పార్టీకి ద్రోహం, వెళితే పెళ్ళానికి ద్రోహం. విల్ఫ్రెడ్ కౌంటరు వెనక నిలబడి ఒకే మేకును పది కాగితాల్లో చుడుతున్నాడు. పంపు వాషరు కొనవచ్చిన డెనిస్ అది చూశాడు.

"ఆసుపత్రికి పోవయ్యా" అన్నాడు. "నువ్వు వెళ్ళకపోతే నేనూ వెళ్ళను. మీలో ఒకడు తగ్గాడు, మాలో ఒకడు తగ్గాడు. చెల్లుకి చెల్లు."

ఇది డెనిస్ కనిపెట్టిందేమీ కాదు. ఆ దేశంలో చట్టసభలు పుట్టినప్పటి నుంచీ ఉన్న పెద్దమనుషుల ఒప్పందం. దీన్ని జోడీ కట్టడం అంటారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. చెయ్యి కలపడమే. ఆ సాయంత్రం ఎర్రవాళ్ళలో ఇంకొకడు కూడా జలుబు చేసి రాలేదు. దాంతో ఎర్రవాళ్ళు ఓడిపోయారు, ఈతకొలను మూతపడింది. డెనిస్ పార్టీవాళ్ళు మూడు నెలలు అతనితో మాట్లాడలేదు. డెనిస్ ఆ సంగతి విల్ఫ్రెడ్‌కు ఎప్పుడూ చెప్పలేదు. వేరేవాళ్ళు చెప్పారు.

అప్పటి నుంచీ వాళ్ళు జోడీ. ఎవరికి పని పడ్డా ఇద్దరూ మానేసేవాళ్ళు. క్రమంగా పని పడకపోయినా మానేయడం అలవాటయింది. ఓటర్లు ఎన్నుకున్న ఇద్దరు ప్రతినిధులు కౌన్సిల్‌కు ఎగనామం పెట్టి బంతులాడుకునేవాళ్ళు. వీళ్ళు లేని సమావేశాల్లో పాసైన తీర్మానాలు, ఉన్నప్పటి వాటికన్నా ఏమంత చెడ్డగా లేవని ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు.

విల్ఫ్రెడ్‌కు డెబ్భై దాటిన ఏడు, ఆగస్టులో డెనిస్‌కు గుండెలో నొప్పి వచ్చింది. కొండవతల పెద్దాసుపత్రిలో ఛాతీ కోసి ఆపరేషన్ చేశారు. కోత మానక చీము పట్టింది. మళ్ళీ కోశారు.

అప్పుడు కౌన్సిల్లో ఎర్రవాళ్ళకు ఒక్క మనిషి ఎక్కువ. డెనిస్ మంచాన పడటంతో రెండు పక్షాలూ సమానమయ్యాయి. సమానమైతే మేయర్ ఓటు తీరుస్తుంది. ఆ ఏడు మేయరు నీలం మనిషి. అంటే విల్ఫ్రెడ్ వచ్చి చెయ్యెత్తితే చాలు, కౌన్సిల్ మొత్తం నీలం వాళ్ళ చేతిలోకి వస్తుంది. విల్ఫ్రెడ్ ఆసుపత్రికి వెళ్ళి, సూదులు గుచ్చి ఉన్న డెనిస్ చెయ్యి జాగ్రత్తగా పట్టుకుని, "నువ్వు లేచేదాకా నేనూ వెళ్ళను" అని చెప్పి వచ్చాడు.

నీలం పార్టీ నాయకుడు ఏడ్రియన్ ఫెల్ మర్నాడే కొట్టుకు వచ్చాడు. ఇళ్ళ బ్రోకరు. నలభై లోపు వయసు, కోసుగా ఉండే బూట్లు. మేకులు కొనడానికి అతను ఎప్పుడూ రాలేదు.

"పెద్దాయనా, ఒక్క సాయంత్రం. ఒక్క చెయ్యి. అంతే అడుగుతున్నా."

"జోడీ కట్టానయ్యా."

"అది నోటిమాట! చట్టంలో ఎక్కడుంది?"

"చట్టంలో ఉంటే నోటిమాట ఎందుకు?"

"అవతలివాడు ఎర్రవాడు!"

"గుండె ఆపరేషన్ అయినవాడు కూడా."

"ఓటు వెయ్యొద్దులెండి. ఊరికే వచ్చి కూర్చోండి, ఆనక చూద్దాం."

ఈ దారి గురించి విల్ఫ్రెడ్ అంతకు ముందే ఆలోచించుకున్నాడు. గదిలో ఉండి చెయ్యెత్తితే డెనిస్‌కు ద్రోహం. గదిలో ఉండి చెయ్యెత్తకపోతే సొంత పార్టీకి ద్రోహం. గదిలోనే లేకపోతే ఎవరికీ ద్రోహం లేదు. కర్ర విరక్కూడదు, పాము చావకూడదు అనుకునేవాడికి ఇంటికన్నా మంచి చోటు లేదు. పైగా డెనిస్, ఆయన ఒకే కమిటీలో ఉండేవాళ్ళు, టాక్సీలకు లైసెన్సులిచ్చే కమిటీ. మాటంటే మాటే కదా అని విల్ఫ్రెడ్ ఆ కమిటీకీ వెళ్ళడం మానేశాడు. అంత చాదస్తం ఎవరూ కోరలేదు.

ఆయన పోగొట్టుకోబోయేది మామూలు కుర్చీ కాదని కూడా చెప్పాలి. బ్రాక్‌డెన్‌లో మేయర్ పదవి సీనియారిటీ లెక్కన వస్తుంది. ఏ పార్టీ ఉన్నా, కౌన్సిల్లో అందరికన్నా పాతవాడై ఇంకా మేయర్ కానివాడికి ఏడాదిపాటు ఆ బంగారు గొలుసు. రాబోయే మే నెలలో వంతు విల్ఫ్రెడ్‌ది. ఇన్నేళ్ళలో ఆయన మనసులో ఉన్న ఒకే ఒక్క కోరిక అది. ఎవరినీ అడగక్కర్లేకుండా, వరసలో నిలబడితే చాలు వచ్చే గౌరవం అదొక్కటే మరి. డొరీన్ కూడా మేయర్ భార్య కావాలని పైకి ఎప్పుడూ అనలేదు. ఊరంతటికీ మాత్రం చెప్పింది.

శరత్కాలం పోయింది. క్రిస్‌మస్ పోయింది. మంచులో బంతులాట పచ్చిక మూసేశారు. జనవరి సమావేశంలో ఎర్రవాళ్ళ నాయకుడు లేచి, డెనిస్ క్యాటరాల్ అనారోగ్యం వల్ల రాలేకపోతున్నాడు కనుక అతనికి సెలవు మంజూరు చెయ్యాలని ప్రతిపాదించాడు. ఏడ్రియన్ ఫెల్ బలపరిచాడు. మానవత్వానికి పార్టీలు లేవన్నాడు. రెండు పక్కలా బల్లలు చరిచారు. సెలవు ఏకగ్రీవంగా మంజూరయింది. విల్ఫ్రెడ్ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి సెలవెందుకు? తనకు కూడా ఒకటి అడగొచ్చని విల్ఫ్రెడ్‌కు చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా ఏమయ్యేదో మీకు తెలుసు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే టౌన్‌హాల్‌లో చట్టం సంగతులు చూసే అధికారి షాహిదా మాలిక్ ఫోన్ చేసింది.

"షోరక్ గారూ, ఆర్నెల్లు ఏ సమావేశానికీ రాని సభ్యుడి పదవి దానంతటదే పోతుంది. మీ నాయకుడికి రెండుసార్లు చెప్పాను. మీకు చెప్పాడా?"

"మర్చిపోయుంటాడు, పాపం. పని ఒత్తిడి."

"రేపటితో మీ ఆర్నెల్లు నిండుతాయి. రేపు టాక్సీల కమిటీ ఉంది. వచ్చి కూర్చుని, హాజరు వేయించుకుని, టీ తాగి వెళ్ళిపోండి. అది చాలు."

"నేను జోడీ కట్టానమ్మా."

"చట్టానికి ఆ సంగతి తెలీదండీ" అంది. "క్యాటరాల్ గారినే ఒక్క మాట అడగండి. ఆయన సరేనంటే మీ మాటా పోదు, పదవీ పోదు."

ఎంత సులువు! డెనిస్ "వెళ్ళు" అంటే చాలు. విల్ఫ్రెడ్ కొట్టు మూసి, కొండ దాటి ఆసుపత్రికి వెళ్ళాడు. డెనిస్ దిళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం తెల్లకాగితంలా ఉంది కానీ నోరు బాగానే ఉంది.

"ఏమోయ్ మేకులూ, ఏం తెచ్చావు?"

"ద్రాక్ష."

"గింజలున్నవేనా?"

"లేనివి."

"గింజలుంటే ఉమ్మేసే పనైనా ఉండేది కదయ్యా నాకు. బయటెలా ఉంది?"

"చిత్తడిగా ఉంది."

"నిన్న?"

"నిన్నా చిత్తడే. కాకపోతే గాలి తక్కువ."

"ఇవాళ గాలుందన్నమాట."

"ఉంది."

వాతావరణం అయిపోయింది. విల్ఫ్రెడ్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"రేపు టాక్సీల కమిటీ ఉందట."

"ఉంటుంది. రేపు బుధవారం కదూ."

"మనం వెళ్ళి చాలాకాలమైంది."

"మనం లేక ఏం కొంపలు మునిగాయి?"

"ఏం మునగలేదనుకో." విల్ఫ్రెడ్ టోపీని మోకాలి మీద గుండ్రంగా తిప్పాడు. "మాలిక్ గారు ఫోన్ చేసింది."

"మంచి మనిషి."

"మంచి మనిషే."

డెనిస్ ఒక ద్రాక్షపండు తొక్క తీయడం మొదలుపెట్టాడు. ద్రాక్షపండు తొక్క తీసుకుని తినేవాణ్ణి విల్ఫ్రెడ్ అదే మొదటిసారి చూడటం. చాలాసేపు తీశాడు. విల్ఫ్రెడ్ అంతసేపూ ఎదురు చూశాడు. మనిషన్నవాడికి ఇంత చెప్పాక అర్థం కాదా? అర్థమయ్యాక ఆ మాటేదో తనే అనడా? తను అడిగితే, నీ కోసం ఆర్నెల్లు కూర్చున్నానని జబ్బు మనిషికి ఎత్తిపొడిచినట్టు కాదూ?

"ఇంకేమిటి సంగతులు?" అన్నాడు డెనిస్, పండును చూస్తూనే.

"ఏమీ లేవు. నువ్వు బాగా కోలుకో."

"చీకటి పడకముందే బయల్దేరు. నీ వ్యాను దీపాలు ఒకటి చర్చినీ ఇంకోటి సారా కొట్టునీ చూస్తాయి."

ఇంటికి రాగానే డొరీన్ గుమ్మంలోనే పట్టుకుంది.

"అడిగావా?"

"వీలు కుదర్లేదు."

"గంటన్నర కూర్చున్నావు కదయ్యా!"

"వాతావరణం గురించి మాట వచ్చింది."

"అయితే నేను ఫోన్ చేసి అడుగుతా."

"వద్దు. నువ్వడిగితే నేనడిగినట్టే."

"నువ్వడగవు, నన్నడగనివ్వవు. ఇన్నేళ్ళ కాపురంలో 'ఉప్పు అందుకో' అని కూడా అడగలేదు నువ్వు, ఉప్పు డబ్బా వంక చూస్తూ కూర్చుంటావు! నేను అందించాను కాబట్టి సరిపోయింది. ఊళ్ళోవాళ్ళంతా నీ పెళ్ళాలా?"

ఆ మాట విల్ఫ్రెడ్‌కు ఎక్కడో తగిలింది. మర్నాడు పెళ్ళిళ్ళకు వేసుకునే సూటు వేసుకున్నాడు. డెనిస్ తర్వాత తిట్టుకుంటే తిట్టుకుంటాడు, కూర్చుని టీ తాగి వచ్చేస్తాను, చెయ్యెత్తను, నోరెత్తను అని తనకు తను చెప్పుకుంటూ టౌన్‌హాల్ మెట్లెక్కాడు. అన్ని మెట్లూ ఎక్కాడు. తలుపు దగ్గర ఏడ్రియన్ ఫెల్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. విల్ఫ్రెడ్‌ను చూడగానే రెండు చేతులూ చాచాడు.

"వచ్చారా! నాకు తెలుసు వస్తారని! రండి రండి. ఇవాళ కమిటీలో లెక్క మనదే. ముసలాడు మన దారికొచ్చాడర్రా!" అని ఫోన్లో మనిషికి కూడా చెప్పాడు.

విల్ఫ్రెడ్ ఆ చేతుల వంక చూశాడు. గడియారం వంక చూసినట్టు చేసి, "కొట్టు తాళం వేశానో లేదో" అన్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. తాళం వేసే ఉందని ఆయనకు తెలుసు. ఇంటికెళ్ళి సూటు విప్పి బీరువాలో తగిలించాడు. లోపల కమిటీ ముగ్గురు టాక్సీవాళ్ళకు లైసెన్సులిచ్చి, ఒకడికి లేదంది. ఓటింగే జరగలేదు.

గురువారం మాలిక్ గారు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి "షోరక్ గారూ" అంది కానీ "కౌన్సిలర్" అన్న మాట అనలేదు. ఆవిడ గొంతులోనే విల్ఫ్రెడ్‌కు తెలిసిపోయింది. ఆవిడను ఆయనే ఓదార్చాడు.

జబ్బుపడ్డవాడి కుర్చీ నిలిచింది. వాడి కోసం ఇంట్లో కూర్చున్నవాడి కుర్చీ పోయింది. ఎర్రవాళ్ళు నవ్వుకున్నారు. నీలంవాళ్ళు చట్టాన్ని తిట్టారు. మే నెలలో ఎలాగూ ఎన్నికలున్నాయి కాబట్టి ఆ సీటును అప్పటిదాకా ఖాళీగా ఉంచారు. టికెట్టు తనకే ఇస్తారని విల్ఫ్రెడ్ అనుకున్నాడు. అడగలేదు. ఏడ్రియన్ ఫెల్ తన వ్యాపారంలో భాగస్థుణ్ణి నిలబెట్టాడు.

"అపార్థం చేసుకోకండి పెద్దాయనా" అన్నాడు. "ఆర్నెల్లు సమావేశాలకే రాని మనిషిని నిలబెడితే జనం ఏమనుకుంటారు?"

"నిజమే" అన్నాడు విల్ఫ్రెడ్. ఆలోచిస్తే నిజమే అనిపించింది కూడా.

డొరీన్ సొంతంగా నిలబడమంది. దానికి వార్డులో పదిమంది ఓటర్ల సంతకాలు కావాలి. అంటే పదిమందిని అడగాలి. మూడు వారాలపాటు ఆ కాగితం కౌంటరు మీద, అందరికీ కనబడేలా పెట్టాడు. వచ్చినవాళ్ళు దాని మీద చిల్లర పెట్టి, మేకులు తీసుకుని వెళ్ళారు. గడువు దాటిపోయింది. పదిమందేమిటి, అడిగితే వందమంది పెట్టేవాళ్ళం అని ఆ తర్వాత వందమంది చెప్పారు.

మే నెల వచ్చింది. ఏడాదిగా బుట్ట మూతల గురించి ఎర్రా నీలం తగువులాడుకుంటుంటే, కుక్కలకు క్షవరం చేసే దుకాణం నడిపే ఒకావిడ 'ఊరి పార్టీ' అని పెట్టింది. "అందరూ దొంగలే" అన్నది వాళ్ళ మొత్తం ప్రణాళిక. ఏ వీధిలో గుంతలున్నాయో ఆ వీధిలో నిలబడి ఆవిడ ఆ మాట అనేది. అన్ని వీధుల్లోనూ గుంతలున్నాయి. లెక్కింపు ముగిసేసరికి ఎర్రవాళ్ళ సీట్లు పోయాయి, నీలం వాళ్ళవీ పోయాయి. విల్ఫ్రెడ్ సీటులో ఆవిడే గెలిచింది. ఎవరికీ సగం మంది లేరు.

ఒక్క చెయ్యి కోసం విల్ఫ్రెడ్ కొట్టు చుట్టూ తిరిగిన ఏడ్రియన్ ఫెల్, అదే వారం ఎర్రవాళ్ళ నాయకుడితో చెయ్యి కలిపాడు. ఒకరు నాయకుడు, ఒకరు ఉపనాయకుడు. కొత్తవాళ్ళ నుంచి ఊరిని కాపాడటం కోసం అని పేపర్లో ఫోటో వేయించుకున్నారు. ఆ ఫోటోను విల్ఫ్రెడ్ చాలాసేపు చూశాడు. ఇంత సులువుగా కలిసిపోయేవాళ్ళ మధ్య తను ఆర్నెల్లు గోడలా నిలబడ్డాడన్నమాట. అటూ ఇటూ ఎవరూ లేని గోడ.

మేయర్ విషయంలో రెండు పార్టీలూ పాత సీనియారిటీనే పాటించాలనుకున్నాయి. విల్ఫ్రెడ్ పదవి పోయాక వరసలో అందరికన్నా పాతవాడు డెనిస్ క్యాటరాల్. ఏటా కొన్ని సీట్లకే ఎన్నిక, అతని సీటుకు ఆ ఏడు లేదు. గుండె బాగుపడింది. గొలుసు వేశారు.

గొలుసు వేసిన నాలుగో రోజు డెనిస్ విల్ఫ్రెడ్ వాళ్ళింటికి వచ్చాడు. టీ తాగాడు. బిస్కెట్టు ముంచాడు, అది విరిగి కప్పులో పడింది. దాన్ని చెంచాతో దేవుతూ, "మేయరన్నాక పక్కన ఒకావిడ ఉండాలట. ప్రారంభోత్సవాలకీ వాటికీ" అన్నాడు. "నాకేమో ఎవరూ లేరు. మీ ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే, డొరీన్ గనక..."

విల్ఫ్రెడ్ నోరు తెరిచాడు.

"ఎన్నింటికి రావాలి?" అంది డొరీన్.

అలా డొరీన్ షోరక్ ఎట్టకేలకు బ్రాక్‌డెన్ మేయర్ పక్కన నిలబడింది. మేయరే వేరు. ఊరు పది రోజులు నవ్వింది. ఆవిడ లెక్కచెయ్యలేదు. "నేను వరసలో నిలబడ్డాను, నా వంతు వచ్చింది. మధ్యలో ఎవడో లేచిపోతే నాదా తప్పు?" అనేది.

మొదటి ప్రారంభోత్సవం ఊరి చివర కొత్త ఆటస్థలానికి. విల్ఫ్రెడ్ కూడా వెళ్ళాడు, జనంలో నిలబడ్డాడు. డెనిస్ రిబ్బను కత్తిరించాడు, డొరీన్ ఉయ్యాల ఎక్కి ఊగింది, అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో చినుకులు మొదలై జనం చెదిరిపోయారు. డొరీన్ మేయర్ కారు వెనక సీట్లో కూర్చుని చెప్పులు విప్పింది. కారు బయట ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు.

విల్ఫ్రెడ్ తన జన్మలో మొదటిసారి ఒక మనిషిని ఒక మాట అడిగాడు.

"ఆ రోజు ఆసుపత్రిలో, నీకు తెలుసా?"

డెనిస్ గొలుసును కోటు లోపలికి తోసుకున్నాడు, తడవకుండా.

"తెలుసు. మాలిక్ గారు ఆ పొద్దున్నే నాకూ చేసింది."

"మరి అనలేదేం?"

"నువ్వడుగుతావని చూశాను."

"నువ్వంటావని నేను చూశాను."

"అడిగితే అనేవాణ్ణి మేకులూ. ఒట్టు." డెనిస్ కోటు గుండీ పెట్టుకున్నాడు. "అడగకపోతే బావుండుననీ అనుకున్నాను. నువ్వెళితే మావాళ్ళు ఓడిపోతారేమోనని. అంతేకాదు. మేయర్ వరసలో నీ తర్వాత నేనేనని కూడా గుర్తొచ్చింది. ఒక్కసారే గుర్తొచ్చింది. నీ దగ్గర అబద్ధమెందుకు."

"ద్రాక్ష తొక్క తీసేటప్పుడా?"

"అప్పుడే."

విల్ఫ్రెడ్ తలాడించాడు. వాన టోపీ అంచు మీంచి కారుతోంది. ఇలాంటప్పుడు మనిషన్నవాడు ఏదో ఒకటి అనాలి. కొట్టనైనా కొట్టాలి. ఆయనకు రెండూ చేతకావు.

"బరువా, గొలుసు?" అన్నాడు.

"మెడ పట్టేసింది. రాత్రి నిద్ర లేదు."

"మంచిది" అన్నాడు విల్ఫ్రెడ్, మనస్ఫూర్తిగా.

కారు అద్దం దించి డొరీన్ తల బయటపెట్టింది. "మీ ఇద్దరూ తడిసి చచ్చేలా ఉన్నారు. ఎక్కుతావా, బస్సులో వస్తావా?"

విల్ఫ్రెడ్ రోడ్డు అటు చివరికీ ఇటు చివరికీ చూశాడు. ఊరి చివరికి వచ్చే బస్సును రెండేళ్ళ కిందట కౌన్సిలే తీసేసింది. ఆ తీర్మానానికి ఆయన హాజరై, చెయ్యెత్తి మరీ ఓటేశాడు. ముందు తలుపు తీసుకుని, డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.